పెట్టె అడుగున చిల్లు

వీధికి అవతల నిలబడి, ఆ పెద్దమనిషి మళ్లీ దుర్భిణి పైకెత్తాడు.

వరుసగా ఇది మూడవ రోజు.

మేడమీది స్తంభానికి బిగించిన తెల్లని పెట్టెలనే చూస్తున్నాడు. చూసి, జేబులోంచి మడత కాగితం తీసి, దాని వెనుకవైపు ఏదో గీసుకుంటున్నాడు.

కార్ఖానా కిటికీ చాటునుండి యజమాని అతణ్ణి కనిపెట్టి చూస్తున్నాడు.

తీగలు లాగకుండా, గాలిలోనే ఇళ్లకు ఇంటర్నెట్టు అందించే చిన్న సంస్థ అతనిది. అందుకు వాడే ఆ పెట్టెలు కొంటే ఖరీదు మూడింతలు. అందుచేత ఒక పెద్ద కంపెనీ పెట్టెను ఒక్కదానిని కొని, విప్పి, కొలతలు తీసి, తన కార్ఖానాలోనే కట్టిస్తున్నాడు. ఆరుగురు ఆడవాళ్లు ఆ పనిమీద బతుకుతున్నారు. ఈమధ్యనే కొండమీది ఆసుపత్రితో ఒప్పందం కుదిరింది. ఆరు నెలలు ఆగకుండా నడిస్తే ఒప్పందం నిలుస్తుంది. ఆగిందా, దానితోపాటు కార్ఖానా కూడా మూతపడుతుంది.

"బావా, ఆయన మళ్లీ వచ్చాడు," అన్నాడు బావమరిది. స్తంభాలెక్కే పని అతనిది.

"చూస్తూనే ఉన్నా. కంపెనీ పంపిన వేగు."

"వేగువాడికి చెప్పులు అంత అరిగి ఉంటాయా?"

"అరిగేదాకా తిరిగాడంటే, మన పెట్టెలు ఎన్నిచోట్ల చూశాడో లెక్కేసుకో."

బావమరిది నిచ్చెన భుజాన వేసుకున్నాడు. బావకు అనుమానమంటూ పుడితే, దానికి కావలసిన సాక్ష్యం కూడా ఆయనే పుట్టించుకుంటాడని అతనికి తెలుసు.

మధ్యాహ్నానికి పెద్దమనిషి తిన్నగా కార్ఖానా గుమ్మంలోకే వచ్చాడు.

"పెట్టెలు చక్కగా కట్టారు నాయనా. ఒక్క మాట చెప్పిపోదామని వచ్చాను."

"మీరెవరు?"

"ఎవరైతే ఏముంది? కాస్త ఈ పని తెలిసినవాణ్ణి."

"ఏ కంపెనీలో తెలిసిందో?"

ఆయన నవ్వాడు. బల్లమీది పెట్టెను చేతిలోకి తీసుకుని, తిరగవేసి, నిద్రపోతున్న బిడ్డ వీపు నిమిరినట్లు దాని అడుగును బొటనవేలితో నిమిరాడు.

"ఇక్కడ చిల్లు లేదేం?"



కొని విప్పిన ఆ కంపెనీ పెట్టె అడుగున మిరియపు గింజంత చిల్లు ఉండేది. అచ్చుపోతలో దొర్లిన లోపమనుకుని, తన అచ్చులో దానిని పూడ్పించాడు. కొన్నదానికంటే కట్టినదే మేలని నలుగురిలో గొప్పగా చెప్పుకొన్నది ఆ ఒక్క దిద్దుబాటు చూసుకునే.

"వానలో తడిసే పెట్టెకు చిల్లెందుకండీ?"

"పెట్టెకీ చెమట పడుతుంది నాయనా. పగలు ఎండకు కాగుతుంది, రాత్రి చల్లబడుతుంది. ఎంత బిగించినా కరెంటు తీగ వెంట తేమ లోపలికి వస్తూనే ఉంటుంది. అది నీరై నిలవకుండా పోయే దారి ఉండాలి."

"అలాగా."

"ఒక్క చిల్లు. అడుగున. అంతే."

"ఆలోచిస్తాం. దయచేయండి."

"ఆలోచన వానలు రాకముందే అయితే..."

"దయచేయండన్నాను. గుమ్మం అటు."

పెద్దమనిషి పెట్టె అడుగు పైకి కనబడేలా దానిని బల్లమీద బోర్లించి వెళ్లిపోయాడు.

"చెప్పినదాంట్లో న్యాయం ఉంది బావా. ఓ నాలుగింటికి పెట్టి చూద్దామా?"

"వెర్రివాడా, వాళ్ల పెట్టెకూ మన పెట్టెకూ తేడా ఆ చిల్లొక్కటే. అదీ మనచేతే పెట్టించి, ఫోటో తీసి, నకలని కోర్టుకెక్కుతారు. ఆ దుర్భిణి ఎందుకనుకున్నావు?"

"మరి చెమట సంగతో?"

"నీకు పడుతోందిగా, ముందది తుడుచుకో."

ఆ సాయంత్రమే యజమాని పెట్టెల అంచులన్నిటికీ మరొక వరుస జిగురు పట్టించాడు.

పెద్దమనిషి ఇంకో రెండు రోజులు వీధిలో నిలబడ్డాడు. ఆ తరువాత కనబడలేదు. పీడ వదిలిందనుకున్నాడు యజమాని.

వానలు వచ్చాయి. వీధులన్నీ నీటితో ఏకమైనా పెట్టెలు చెక్కుచెదరలేదు. యజమాని బావమరిది వంక చూసి మీసం దువ్వుకున్నాడు.

వానలు వెలిసి, ఎండలు కాసిన వారానికి ఆసుపత్రి కనెక్షను ఆగిపోయింది.

బావమరిది కొండెక్కి పెట్టెను దించి తెచ్చి, మూత విప్పాడు. గుక్కెడు నీళ్లు అతని ఒళ్లో పడ్డాయి. లోపలి బోర్డు చిలుమెక్కి పచ్చగా ఉంది. రెండవది విప్పారు, పదవది విప్పారు. అన్నిట్లోనూ అవే నీళ్లు.

"జిగురు ఎక్కడా ఊడలేదు బావా," అన్నాడు మెల్లగా. "ఇది వాన నీరు కాదు."

ఒప్పందం పోయింది. ఆరుగురు ఆడవాళ్లూ తమ స్టూళ్లను బల్ల కిందికి నెట్టి వెళ్లిపోయారు. ఉన్న ఇళ్లనైనా నిలుపుకోవాలంటే పెట్టెలు కొనక తప్పదు. యజమాని అదే కంపెనీకి ఫోను చేసి, తన సంస్థ పేరు చెప్పాడు.

అవతలి గొంతు ఆ పేరు గుర్తుపట్టింది.

"మా పెట్టెకు నకలు కడుతున్నది మీరే కదూ?"

"కట్టేవాళ్లం. ఇక లేదు." యజమాని ఉండబట్టలేక అడిగాడు. "మీ పెట్టె అడుగున ఆ చిల్లు ఎవరు పెట్టారండీ?"

"మా పెద్దాయన. అసలా పెట్టెకు రూపం ఇచ్చిందే ఆయన. మొదటి ఏడాది మా పెట్టెలన్నీ నీళ్లు పట్టి చచ్చిపోతే, కారణం కనిపెట్టింది కూడా ఆయనే."

"దుర్భిణి పట్టుకుని తిరుగుతారా?"

"మోకాళ్లు అరిగి, స్తంభాలెక్కలేక కొనుక్కున్నారు. మీకెలా తెలుసు?"

"ఆయనతో ఒక్కసారి మాట్లాడాలి."

"ఆలస్యం చేశారండీ. వానాకాలంలోనే పోయారు."

యజమాని చేయి తనకు తెలియకుండానే బల్లమీది పెట్టె అడుగును తడుముతున్నది.

"మీమీద వేయాల్సిన కేసు కాగితం సంతకానికి ఆయన దగ్గరికే పంపాం," అన్నది అవతలి గొంతు. "'పిల్లలు ముచ్చటగా కడుతున్నారయ్యా, చిల్లొక్కటే మరిచారు, వెళ్లి చెప్పి వస్తాను' అని, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కారు."