షూ కౌంటర్ మీది ఫోన్

“మళ్ళీ ఈ గుమ్మం తొక్కడానికి సిగ్గు లేదా నీకు?”

ఓటిస్ ప్రూయిట్ అరుపుకి బౌలింగ్ ఆలేలో బంతులు దొర్లించే చివరి లేన్ దాకా తలలు ఇటు తిరిగాయి. ట్వైలా షూ కౌంటర్ ముందు ఆగిపోయింది. ఒకప్పుడు ఆ కౌంటర్ వెనక నిలబడి, ఆటగాళ్ళకి అద్దె బూట్లిచ్చింది తనే.

“ఒక్క మాట చెప్పి పోతాను బాస్. రేపు జడ్జికి నిజం చెప్పండి. నేను పని మానలేదు, మీరే మానిపించారు.”

“ఏ నిజమే?” క్యాష్ పెట్టె దగ్గర్నుంచి రోండా అందుకుంది. ఓటిస్ కూతురు. తండ్రికి గుండె ఆపరేషన్ అయ్యాక ఆలే తన పేరు మీద రాయించుకుంది. ఇప్పుడాయన పైగదిలో పడుకుంటాడు, కింద బూట్లు తుడుస్తాడు. “నీకు భృతిగా ఇచ్చిన ప్రతి డాలరూ మా ఆలే కట్టే పన్ను పెంచింది. ఊరికే వదులుతాననుకున్నావా?”

కోవిడ్‌కి ఆలే మూతపడ్డప్పుడు ట్వైలాకి నిరుద్యోగ భృతి వచ్చింది. రెండేళ్ళు పోయాక, ఆమె తనంతట తనే మానేసిందని రోండా భృతి ఆఫీసుకి చెప్పింది. అంతే, ఇచ్చిందంతా వెనక్కి కట్టమన్నారు. పదకొండు వేల డాలర్లు. ట్వైలా అప్పీలు చేసుకుంది, దాని విచారణ రేపు ఫోన్‌లోనే. కట్టకపోతే ఇప్పటి జీతంలోంచి కోసుకుంటారు. అదే జరిగితే ట్వైలా, ఎమెట్ కొనుక్కోబోతున్న రెండు గదుల ఇల్లు చెయ్యి జారినట్టే. పెళ్ళయి ఇంకా రెండు నెలలు కాలేదు. ఇల్లు చేతికి రాకముందే ఎమెట్ దాని ముందు పాతడానికో పోస్టు డబ్బా కొన్నాడు. దాని మీద ఇద్దరి పేర్లూ రాసి ట్రక్కులో ముందు సీట్లో పెట్టుకు తిరుగుతున్నాడు.

“రేపు పదింటికి జడ్జి ఫోన్ చేస్తాడు,” అంది రోండా. “ఎత్తనివాళ్ళ మాట లెక్కలోకి రాదు, గుర్తుందిగా? కొత్త పెళ్ళికూతురివి. మొగుణ్ణి వాటేసుకుని పడుకుండిపోయేవు!”

“అది ఎత్తినా ఎత్తకపోయినా నేను ఎత్తుతాను,” అన్నాడు ఓటిస్, కౌంటర్ మీది నల్ల ఫోన్‌ని అరచేత్తో చరుస్తూ. “ఇది రెండోసారి మోగేదాకా నేనెప్పుడైనా ఆగానా? నా పెళ్ళాన్ని పాతిపెట్టి వచ్చిన సాయంత్రం కూడా ఆగలేదు.”

అది నిజం. పనిలో చేరినరోజు ట్వైలాకి ఆయన నేర్పిన మొదటి పాఠం కూడా అదే.

“నువ్వేం కూస్తావో నాకు తెలీదా?” ఓటిస్ ముందుకి వంగాడు. “మూసేసిన రోజు నేను నాలుగో లేన్ ఎక్కి, ‘పని లేదు, ఇళ్ళకి పోండి, భృతికి పెట్టుకోండి’ అని అరిచానంటావు. ఎవరు విన్నారు? గురువారం జట్టులో ఆడే ముసలి వెర్నానా? అది తుంటి విరిగి లిమా ఊళ్ళో కొడుకింట్లో పడుంది. పొద్దున ఏం తిందో దానికే గుర్తుండదు. తెచ్చుకో పో దాన్ని సాక్ష్యానికి! జడ్జి పడీపడీ నవ్వుతాడు.”

“నాన్నా, దీంతో నీకు మాటలేంటి?”

“నువ్వు నోర్ముయ్. రేపు పదింటికి నువ్విక్కడుండకు. నీ గొంతు వింటే జడ్జికి దీని మీద జాలి పుడుతుంది. వేపుళ్ళ నూనె తేవడానికి పో. దీని సంగతి నేను చూసుకుంటా.”

రోండా పకపకా నవ్వింది. “అదీ మా నాన్నంటే!”

“బాస్, ఆపరేషన్ అయినప్పుడు మీ పక్కన...” ట్వైలా మాట పూర్తి కాలేదు. ఓటిస్ చేతిలో, బూట్లలో కొట్టే మందు డబ్బా ఆమె ముఖం ముందే బుస్సుమంది.

“పో బయటికి!”

ఆమె దగ్గుకుంటూ ట్రక్కెక్కింది. ఎమెట్ పోస్టు డబ్బాని ఒళ్ళోకి తీసుకుని చోటిచ్చాడు. ఉన్న ఒక్క చిల్లీ డాగ్ రొట్టెనీ తుంచి పెద్ద ముక్క ఆమెకి పెట్టాడు.

“ఏమన్నాడు?”

“చస్తే బాగుండు ముసలాడు!” అని ఏడ్చింది. ఏడుస్తూనే, డబ్బా మీద తన పేరుకంటిన ఆవముద్ద చూసి ఫక్కున నవ్వింది. నవ్వాక జరిగిందంతా చెప్పింది.

“వెర్నా అంటే ఎవరు?” అడిగాడు ఎమెట్, వేలితో ఆవ తుడుస్తూ. “తుంటి విరిగితే విరిగింది. నోరు బాగానే ఉందేమో కనుక్కుందాం.”

మర్నాడు పదింటికి వంటింటి బల్ల మీద ఫోన్ మోగింది. ట్వైలా వెంటనే ఎత్తింది. ఎమెట్ పెనం మీద పాన్‌కేక్ మాడిపోతున్నా కదల్లేదు. జడ్జి ముందు ఆమె మాట విన్నాడు. తర్వాత లిమా నుంచి వెర్నాని కలిపాడు.

“ఎందుకు గుర్తులేదండీ?” ముసలామె ఖంగుమంది. “ఓటిస్ బయటి బూట్లతోనే లేన్ ఎక్కేశాడు. ఆ పని నేను చేస్తే ఒకసారి నన్ను గెంటేశాడు! పని లేదు, పోయి భృతి తెచ్చుకోండి అన్నాడు. ఈ పిల్ల అక్కడే నిలబడి ఏడ్చింది.”

“మంచిది. ఇప్పుడు యజమాని మాట కూడా వినాలి. ఇద్దరూ లైన్లోనే ఉండండి.”

ట్వైలా ఎమెట్ చెయ్యి పట్టుకుంది. ఉంగరాలు రెండూ ఒరుసుకున్నాయి. “మొదటి మోతకే ఎత్తుతాడు. అయిపోయింది మన పని.”

ఎంతసేపటికో జడ్జి గొంతు వినిపించింది. “ఎత్తడం లేదు. మళ్ళీ చేస్తాను.”

ట్వైలా ఫోన్‌ని చేత్తో మూసింది. “ఎత్తకుండా ఉండడే! మళ్ళీ గుండెపోటేమో ఎమెట్. నిన్న చావమన్నాను కూడా.”

“ఆఖరిసారి ప్రయత్నిస్తున్నాను,” అన్నాడు జడ్జి. ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు. “యజమాని హాజరు కాలేదు. మీ మాటకీ సాక్షి మాటకీ ఎదురు లేదు. ఈ వసూలు రద్దు చేస్తున్నాను. మీరు ఒక్క డాలరు కూడా కట్టనక్కర్లేదు.”

ఊరి చివర ఖాళీ ఆలేలో నల్ల ఫోన్ మోగి మోగి ఆగింది.

దాని పక్కనే కూర్చుని ఓటిస్ బూట్లు తుడుస్తున్నాడు.