మొదటి రెండు సెకన్లు

"అంతా నా చేతకానితనమే," అంది వదిన, కెమెరా మరిది చేతికిస్తూ. "రింగు తిప్పి ఫోకస్ పెట్టింది నేనే. మీ అన్న పోయేముందు కూతురి కోసం నాలుగు మాటలు ఇందులో దాచి వెళ్తే, చూడు, ముఖమంతా మసక."

మరిది పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు. ఇలా మసకబారినవి చాలా చూశాడు. తెర మీద అన్న నిజంగానే అలికేసినట్టున్నాడు.

"బాగుచెయ్యలేవూ?"

"తీసేటప్పుడు పోయింది మళ్లీ రాదు వదినా. మొదట్నుంచీ చూశావా?"

"లేదు. మీట నొక్కి బయటికెళ్లిపోయా, వినలేక. తర్వాత కూడా ఒక్కసారే, మధ్యలోంచి చూశా."

అతను టేపు మొదటికి తిప్పాడు.

తలుపు మూసుకున్న చప్పుడు. మంచం మీద అన్న. లోతుకుపోయిన కళ్లు, వెంట్రుక లేని తల, పొడుచుకొచ్చిన చెంప ఎముకలు. అన్నీ తేటగా ఉన్నాయి.

"బాగానే పెట్టావు కదా వదినా!"

అంతలో అన్న గోడ పట్టుకుని లేచాడు. కెమెరా దగ్గరికొచ్చి, దాని చిన్న తెరలోకి చూస్తూ, రింగు తిప్పాడు. మంచం వెనక గోడ మీది ఫోటో తేటపడింది. అందులో అన్న పాపను భుజాల మీద ఎక్కించుకుని పగలబడి నవ్వుతున్నాడు.

వెళ్లి మళ్లీ మంచం మీద కూర్చున్నాడు. ముఖం కరిగిపోయింది.

"బుజ్జితల్లీ," అంది ఆ మసక, "నన్ను చూడకు. గోడ మీద చూడు. మీ నాన్న అదిగో, అక్కడున్నాడు."