పద్నాలుగో పెట్టె

యంత్రం టక్కుమంది. దొర్లుతున్న బిళ్లల్లో ఒకటి పక్కకు ఎగిరి రిజెక్ట్ ట్రేలో పడింది.

ట్రే దగ్గర కూర్చున్నావిడ దాన్ని అందుకోబోయి ఆగిపోయింది.

ఊళ్లో వీధి మలుపుల్లో ఉన్న నీళ్ల యంత్రాల చిల్లర పెట్టెలన్నీ వారానికోసారి ఈ గదికి వస్తాయి. వీధుల్లో ఉన్నవి పాత యంత్రాలు. బిళ్ల సైజూ బరువూ సరిపోతే చాలు, బిందె నింపేస్తాయి. అసలు పరీక్ష ఇక్కడ. వాలు పట్టీ మీద ప్రతి బిళ్లా రెండు తీగచుట్టల మధ్య నుంచి దొర్లాలి. కరెంటు పారే ఆ చుట్టల మధ్య అయస్కాంత క్షేత్రం ఉంటుంది. మధ్యలోంచి రాగి వెళ్తే అది ఒక రకంగా మారుతుంది, ఇనుము వెళ్తే మరో రకంగా. ఆ తేడా పట్టి యంత్రం ఏ బిళ్లను ఏ సంచిలోకి తొయ్యాలో తేల్చుకుంటుంది. తేలనిదాన్ని ట్రేలోకి నెడుతుంది. దాన్ని కంటితో చూసి, ఏ పెట్టెలోదో రిజిస్టరులో రాయడం ఆవిడ పని.

"ఏంటక్కా, ట్రేలో పాముందా?" అన్నాడు మెకానిక్.

అతనే వచ్చి బిళ్ల తీసి, బల్ల అంచున ఉన్న అయస్కాంతం దగ్గర పెట్టాడు. ఠక్కున అతుక్కుంది.

"భలే! పైకి రాగీ నికెలూ. లోపల ఇనపరేకు దాచారు. దొంగబిళ్ల కాదక్కా ఇది, గారడీవాళ్లది. అరచేతిలో అయస్కాంతం పెట్టుకుని..."

మాట మధ్యలోనే అతని గొంతు తగ్గింది. ఆవిడ భర్త సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. సంతల్లో గారడీ చేసేవాడు. మూడేళ్ల కిందట ఒక రోజు నుంచి మళ్లీ ఎవరికీ కనబడలేదు.

"అంచున గంటు ఉందేమో చూడు," అందావిడ.

మెకానిక్ వేలితో తడిమాడు. ఆకురాయితో గీసిన సన్నటి గంటు. అందులో బూడిదరంగు పొడి ఇరుక్కుని ఉంది.

"ఆయనదే. చూడకుండానే వేలికి తగలాలని గీసుకున్నాడు."

సంచులు కుట్టే పెద్దావిడ దబ్బనం వదిలేసి లేచి వచ్చింది.

"అయితే బతికే ఉన్నాడే అమ్మాయ్! మూడేళ్లు! ఒక్కదానివే అత్తను సాకావు, పైకప్పు వేయించావు, పెరట్లో సామాన్ల కొట్లో గచ్చు పోసుకున్నావు, ఒకరి ముందు చెయ్యి చాచలేదు. దేవుడు ఇన్నాళ్లకు కళ్లు తెరిచాడు."

"గారడీవాడు కదా పెద్దమ్మా, మాయమైనవాడు మళ్లీ ప్రత్యక్షం కావద్దూ?" అన్నాడు మెకానిక్.

ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఎడమచేతి బొటనవేలు పట్టుకుని కూర్చుంది. అది వంగదు. తలుపు సందులో పడి నలిగిందని ఒకప్పుడు చెప్పింది. ఆ తలుపు వేసిందెవరని ఎవరూ అడగలేదు.

"ఏ పెట్టె?" అంది.

మెకానిక్ యంత్రం తెర మీద పెట్టె నంబరు చూశాడు. "పద్నాలుగు. మీ వీధి మలుపులోదే కదూ? అంతదాకా వచ్చి ఇంటికి రాలేదంటే, మొహం చెల్లకనే అయ్యుంటుంది."

"తప్పు చేసినవాడికి గడప ఎత్తుగానే ఉంటుందిలే," అంది పెద్దావిడ. "నువ్వు వెళ్లు. ముసలామెకు ముందు చెప్పు. కొడుకు కోసం కళ్లు కాయలు కాశాయి పాపం."

రిజిస్టరులో పద్నాలుగు అని రాసింది. బిళ్లను గుప్పిట్లో పెట్టుకుని ఆవిడ బయటికి నడిచింది.

"వాడి జాడేమైనా తెలిసిందా అమ్మాయ్?"

మూడేళ్లుగా సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టగానే అత్తగారు అడిగే మాట అదొక్కటే. కోడలు తల అడ్డంగా ఊపేది. అన్నం వడ్డిస్తూ, మాట మార్చడానికి పని కబుర్లు చెప్పేది. "ఎవరు ఎక్కడ ఏ పిచ్చిబిళ్ల వేసినా చివరికి నా చేతికి రావలసిందే అత్తయ్యా." ముసలామె నమలడం ఆపి వినేది.

వారం రోజులుగా ఆ ప్రశ్న లేదు. నడుస్తుంటే ఇప్పుడు తట్టింది. అత్తగారు అరచేతులకు గుడ్డపేలికలు చుట్టుకుంటున్నదీ ఆ వారం నుంచే. ఏమైందని అడిగితే, బిందె ఒరుసుకుందంది.

వీధి మలుపు వచ్చింది. పద్నాలుగో యంత్రం దగ్గర ఇద్దరు మగవాళ్లు నీళ్లు పడుతున్నారు. ఇద్దరి మొహాలూ చూసింది. ఎరగనివాళ్లు. రోజూ పొద్దున్నే ఇక్కడ తమ ఇంటికి నీళ్లు పట్టేది అత్తగారే.

కోడలి అడుగులు వడివడిగా పడ్డాయి.

వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసుకుని, వంటింట్లోంచి పెరట్లోకి వెళ్లింది. ఎన్నడూ తియ్యని కొట్టు తలుపు బార్లా తీసి ఉంది. దాని ముందు ముసలామె గునపం పక్కన పడేసి, పీట వేసుకుని కూర్చుంది. పేలికలు విప్పేసింది. అరచేతుల నిండా చితికిన బొబ్బలు.

"అందిందా అమ్మాయ్?" అంది. ఆ గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు.

కోడలు గుప్పిట విప్పింది. బిళ్ల చెమటకు తడిసి ఉంది.

మూడేళ్ల కిందట ఆ బిళ్లను నేలమీంచి ఏరి, భర్త చొక్కా జేబులో వేసి, గుండీ పెట్టి, అతని మీద గచ్చు పోసింది తానొక్కతే.