ఒక రాకకు రెండు పనులు

ఉదయం ఎనిమిదింటికి రామకిషన్ రక్తపరీక్షల ల్యాబ్‌లో రిపోర్టులు ఆగిపోయాయి.

మిషన్లు తిరుగుతున్నాయి. కంప్యూటర్లు వెలుగుతున్నాయి. కాగితం మాత్రం బయటికి రావడం లేదు.

ఒంటిగంటలోపు రిపోర్టులు అందకపోతే రేపటి నుంచి ఎదుటి ల్యాబ్‌కే పంపుతామని ఆసుపత్రివాళ్ళు చెప్పేశారు. చంద్రపూర్‌లో ఒకసారి చేయిజారిన గిరాకీ మళ్ళీ రాదు.

ఇంజినీరును పంపమని రామకిషన్ నాగపూర్ సర్వర్ కంపెనీకి అప్పుడే ఫోను చేశాడు. పదకొండున్నరకు కౌంటర్ దగ్గరుండే రోజీ ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చింది.

"సేట్, ఈయనకు సర్వర్ పని తెలుసంట. ఈయన..."

"తెల్వకుంటే ఎందుకొస్తడు? నువ్వు కౌంటర్ చూస్కో. ఏందయ్యా, గిదేనా వచ్చుడు? జనం నన్ను పీక్క తింటున్నరు!"

"సార్, నేను..."

"ముచ్చట తర్వాత. ముందు పని."

ఆ మనిషి సర్వర్ ముందు కూర్చున్నాడు.

ఒకే సర్వర్‌లో ఐదు కంప్యూటర్లు ఉన్నట్టు అమర్చిన ఏర్పాటు అది. వాటిని కలిపే స్విచ్ కూడా పెట్టె కాదు, సాఫ్ట్‌వేరే.

"ఆ స్విచ్చే ప్రాసెసర్ మొత్తం తింటుంది సార్. వంద శాతం."

"అంటే, ఇంకో సర్వర్ కొనాల్నా?"

"వద్దు. దానికి గంత పని ఎవరు చెప్తున్నరో చూడాలె."

నాలుగు నిమిషాలు వెతికాడు.

"పాత ఎక్స్‌రే కంప్యూటర్ ఏది సార్?"

"పాత సామాను కింద భంగార్‌ల అమ్మిన. మూడు నెలలైంది."

"దానికి ఫొటోలు పంపే ప్రోగ్రాం ఇంకా నడుస్తుంది. లేని ఇంటి తలుపును నిమిషానికి వేలసార్లు కొడుతుంది. కొట్టినప్పుడల్లా స్విచ్ కొత్తగా తొవ్వ వెతకాలె. మీ రిపోర్టులకు ఇంక తొవ్వేది?"

దాన్ని ఆపాడు. వంద కాస్తా నాలుగైంది. ప్రింటర్ కదిలింది.

రిపోర్టుల కట్ట రామకిషన్ బల్ల మీదికొచ్చింది. ల్యాబ్ ముద్ర ఆయన సొరుగులోనే ఉంటుంది. అది పడందే కాగితం కౌంటర్‌కు పోదు.

గడియారం చూశాడు. పన్నెండు. ఇంకా గంట చేతిలో ఉంది.

రామకిషన్‌ది ముప్ఫై ఏళ్ళుగా ఒకటే లెక్క. పిలిచిన మనిషి గడప దాటేలోపు రెండో పని చేయించుకోవాలి. ఒక్క పనితో పోనిస్తే అది నష్టమే.

"గట్లనే బిల్లుల కంప్యూటర్ చూడు. నత్తలెక్క నడుస్తుంది. గా గోడ మీది కెమెరా సుత."

"సార్, నాది..."

"నీ పైసలు ఏడికి పోతయి? మీ కంపెనీకే కడత."

ఆ మనిషి జేబులో ఫోను మోగింది.

"బంద్ చెయ్. పని మీద ధ్యాస పెట్టు."

అతను ఒకసారి కట్ట వైపు చూశాడు. ఫోను నొక్కేసి స్టూలెక్కాడు.

రెండు పనులూ అయ్యేసరికి పన్నెండున్నర దాటింది. అప్పుడు రామకిషన్ తీరిగ్గా ముద్రలు కొట్టి కట్ట బయటికి పంపాడు. ఆ మనిషి చాయ్ కూడా తాగకుండా కట్ట వెంటే పోయాడు.

ఒక రాకకు మూడు పనులు! రామకిషన్ మీసాల చాటున నవ్వుకున్నాడు.

ఇంతలో నాగపూర్ కంపెనీ ఇంజినీరు నుంచి ఫోనొచ్చింది.

"సార్, మన్నించాలె. బస్సు వరోరా కాడ చెడిపోయింది. ఇంకో గంటల మీ ల్యాబ్‌ల ఉంట."

రామకిషన్ కౌంటర్ దగ్గరికి పరుగెత్తాడు.

"రోజీ, గా మనిషి ఎవరు?"

రోజీ తలెత్తకుండానే చెప్పింది.

"చెప్పనిచ్చిన్రా సేట్? ఐసీయూల పాపకు రక్తం ఎక్కియ్యాలె, రిపోర్టు జల్ది కావాలె అని పొద్దట్నుంచి లైన్ల అందరికంటే ముందు నిలవడ్డ గా పాప నాయన."