మందపాటి అడుగు

"ఇది వద్దు. అడుగు పల్చన," అన్నాడు తండ్రి, స్టీలు గిన్నెను తిరగేసి వేలి కణుపుతో కొట్టి చూస్తూ. "పాలు పెట్టి ఇటు తిరిగేలోగా మాడిపోతాయి."

కూతురు బుద్ధిగా ఆ గిన్నెను మళ్లీ అరలో పెట్టేసింది. పొద్దున్నే ఫోన్ చేసి పిలిచింది తనే. కొత్త కాపురానికి గిన్నెలు కొనాలి, నేనొక్కదాన్నే వెళితే ఏదో ఒకటి తెచ్చి పడేస్తాను, నువ్వూ రా నాన్నా అంది. గిన్నెల గురించి నాకేం తెలుసునని అతను కాసేపు నసిగాడు. తర్వాత గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కూతురి కంటే ముందే వచ్చి దుకాణం మెట్ల మీద నిలబడ్డాడు.

లోపల మనిషి తిరగడానికి చోటు లేదు. నేల నుంచి పైకప్పు దాకా గిన్నెలే. పెళ్లి అన్న మాట చెవిన పడగానే యజమానురాలు మెళ్లో వేలాడుతున్న కళ్లజోడు ముక్కు మీదికి ఎక్కించుకుని తనే లేచి వచ్చింది. ఇలాంటి వాటికి అమ్మగారు కదా రావలసింది అని అడిగింది. అమ్మ పెళ్లి పనుల్లో తలమునకలుగా ఉందని కూతురు చెప్పింది.

యజమానురాలు ముందుగా నాన్‌స్టిక్ పెనాల పెట్టె విప్పి, ఇప్పుడందరూ ఇవే పట్టుకెళుతున్నారంది. తండ్రి తల అడ్డంగా ఊపాడు. స్టీలు గరిటెతో అడుగు గీకి గీకి కలిపే అలవాటు, ఏడాది తిరక్కుండా పూత కాస్తా లేచిపోతుందన్నాడు. కూతురు నవ్వేసి, అదీ నిజమేనని ఒప్పుకుంది. తళతళలాడే ఇత్తడి గిన్నె మీద ఆమె చెయ్యి పడింది కానీ, దానికీ అతను అడ్డుపుల్ల వేశాడు. పులుపు లేనిదే ముద్ద దిగదు, పులుపేమో కళాయి లేని ఇత్తడిలో వండకూడదు, కళాయి పోయినప్పుడల్లా వేయించడానికి ఎవరు తిరుగుతారు అన్నాడు. దానికి బదులు ఒక మట్టి కుండ తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, గోటితో మీటి, పగులు లేదని తేల్చుకున్నాకే పక్కన పెట్టాడు. వాడేముందు నీళ్లలో నానబెట్టాలి సుమా అని యజమానురాలు చెప్పబోతే, ఆ సంగతులన్నీ తెలుసన్నాడు.

"కూతురికేం కావాలో ఇంత తెలిసిన తండ్రిని నేనైతే చూడలేదు అన్నయ్యగారూ," అందామె.

అతను వినిపించుకోనట్టు పక్క అరకేసి తిరిగాడు.

అక్కడ పోత ఇనుప మూకుడు ఉంది. రెండు చేతులతో ఎత్తి చూసి, దింపేశాడు.

"కూర దీంట్లో కుదిరినట్టు ఇంకెందులోనూ కుదరదు. కానీ బరువు. కుడి మణికట్టు నొప్పి ఉందిగా."

"తగ్గిపోయింది నాన్నా," అంది కూతురు నెమ్మదిగా. "ఆయన పట్టుబట్టి వ్యాయామం చేయించారు."

మంచిదే, అన్నాడతను. ఇన్నేళ్లుగా తనకు తెలిసిన నొప్పి. తనకు తెలియకుండానే తగ్గిపోయింది. మూకుడు పిడి మీద చెయ్యి అలాగే ఉంచి కాసేపు నిలబడ్డాడు.

"అతనికి వంట వచ్చా?"

"అన్నం వండుతారు. గిన్నెలు మాత్రం బాగా తోముతారు."

"తోముతాడా? అయితే బరువైనా ఫర్వాలేదు. తీసుకో," అని నవ్వాడు. కూతురూ నవ్వింది కానీ, అతని ముఖం వంక చూడలేదు.

ఇక పాలకి, పాయసానికి ఒక గిన్నె కావాలి. యజమానురాలు చూపించినవేవీ అతనికి నచ్చలేదు. తనకు కావలసిందేమిటో అతనికి బాగా తెలుసు. పెళ్లయిన కొత్తలో భార్యను వెంటబెట్టుకుని ఇలాంటి దుకాణానికే వెళ్లాడు. ఆమె రాగి అడుగున్న ఒక బరువైన గిన్నె దగ్గర ఆగిపోయింది. అతనికేమో సినిమాకి వేళవుతోంది. ఇంకోసారి కొందాంలే అని, చేతికందిన పల్చటి గిన్నె కొనేసి బయల్దేరదీశాడు. ఆ ఇంకోసారి రానే లేదు. ఎన్నో సాయంత్రాలు అతను పక్క గదిలోంచి, కాసేపు వచ్చి కూర్చోరాదా అని పిలిచేవాడు. కదిలితే అడుగంటుతుందండీ, అని ఆమె పొయ్యి దగ్గర నుంచే జవాబిచ్చేది. కొన్నాళ్లకు అతను పిలవడం మానేశాడు.

అన్నిటికన్నా పై అరలో కనిపించింది. నిచ్చెన వేయించి దింపించాడు. మందపాటి అడుగు, దాని కింద ఎర్రగా రాగి.

"ఇదీ గిన్నె అంటే. పొయ్యి మీద పెట్టేసి, వెళ్లి పక్క గదిలో కూర్చోవచ్చు. మాట్లాడుకోవచ్చు."

"నాన్నా," అని చెయ్యి పట్టుకుంది కూతురు.

"నేను ఎంచానని ఆ ఇంట్లో చెప్పకు."

"చెప్పను."

ఆ గిన్నె మాత్రం తనే కొంటానని మొండికేశాడు. కుండను ఎవరి చేతికీ ఇవ్వకుండా తనే మోసుకెళ్లి, బయట ఆగిన ఆటోలో పాత కాగితాల మధ్య కుదురుగా పెట్టాడు. మిగతావి సర్దుతున్నట్టు అక్కడే వంగి ఉండిపోయాడు. దుకాణం వైపు వీపు పెట్టినా, తెరిచిన తలుపులోంచి యజమానురాలి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"మీ నాన్నగారు పాపం, నిన్ను పంపించలేక పంపిస్తున్నారమ్మా. కళ్లు తుడుచుకోవడం చూశాను. పెళ్లయ్యాక మర్చిపోకుండా అప్పుడప్పుడూ వచ్చి కనబడుతూ ఉండు."

కూతురు ఆటో వైపు ఒకసారి చూసింది. తండ్రికి వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించింది.

"పెళ్లి నాది కాదండీ, మా అమ్మది."