ఇన్‌స్పెక్టరు రాసిన మాట

యుద్ధం రోజులు. కాగితానికి కరువు. అందుకేనేమో, ఇన్‌స్పెక్టరు బడి రిజిస్టరులో ఒకే ఒక్క మాట రాసి వెళ్లిపోయాడు.

"సూపర్‌సిలియస్."

బెల్లంకొండ పక్క పల్లెలో మిషను బడి పంతులు జయరాజుకు ఆ మాట కొరుకుడు పడలేదు. సూపర్‌ఫైన్ పంచెలున్నాయి కదా, ఇదీ అలాంటి మెచ్చుకోలే అనుకున్నాడు. భార్య హన్నమ్మ చేత వాడంతా బెల్లం కూడా పంచిపెట్టించాడు.

మూడో రోజు సత్తెనపల్లి నుంచి మిషను బడుల మేనేజరు దొరసాని కబురు చేసింది. వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలి, లేదంటే ఉద్యోగం ఊడినట్టే.

హన్నమ్మ కూడా మొగుడితో బండెక్కింది. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ జీతం మీదే. అయినా పాడు నవ్వు, మొగుడి మొహం చూస్తే చాలు తన్నుకొస్తోంది.

"ఉద్యోగం పోతంటే నీకు నవ్వేందే?" అన్నాడు జయరాజు బండిలో. "దొరసాని కాడ నువ్వు నోరు మెదపబాక."

బంగళాలో దొరసాని లావుపాటి నిఘంటువు తెరిచి విడమరిచింది. ఆ మాటకు తలపొగరు అని అర్థమట. లాటిను భాషలో కనుబొమ్మ పేరులోంచి పుట్టిందట. ఎదుటివాణ్ణి పురుగులా చూసేవాడు కనుబొమ్మ ఎగరేస్తాడు కదా, అందుకని. ఇన్‌స్పెక్టరు ఏమడిగినా ఈ పంతులు గంటసేపూ ఒక కనుబొమ్మ పైకెత్తే నిలబడ్డాడట.

జయరాజు చేతులు కట్టుకున్నాడు. పల్నాడంతా గాలించినా తనంత అణకువ గలవాడు దొరకడని మొరపెట్టుకున్నాడు.

"ఇప్పుడును ఎత్తియున్నావు," అంది దొరసాని. "క్షమాపణ వేడుకొనుచు కూడ ఎత్తియున్నావు."

జయరాజు నుదుటి చెమట తుడుచుకోబోయి, చటుక్కున చెయ్యి దించేశాడు. దొరసాని విసిగిపోయి కలం అందుకుంది.

ఇక లాభం లేదనుకుంది హన్నమ్మ. బల్లమీది కూజా వంచి కొంగు తడుపుకుంది.

"వద్దే, నీకు దణ్ణం పెడతా," అన్నాడు జయరాజు. "పిల్లకాయల ముందు పరువు పోద్ది."

"పోతే పోనీ. జీతం ఉంటది," అని హన్నమ్మ మొగుడి నుదురు గట్టిగా ఒక్క తుడుపు తుడిచింది.

క్రిస్మస్ నాడు పెట్రోమాక్సు దీపం భగ్గుమని కాల్చేసిన చోట, రోజూ పొద్దున్నే తను నవ్వాపుకోలేక వంకరగా, పైకెత్తినట్టు కాటుకతో గీస్తున్న కుడి కనుబొమ్మ మొత్తం కొంగుకొచ్చేసింది.