ఎదుటి పక్షం

"మా ప్రేమమ్మ ఇగ బడికి రాదు, పంతులుగారూ," అన్నాడు యోసేపు మంచం వాలుస్తూ.

ఆలూరు మిషను బడి పంతులు దయానందం కూర్చోలేదు. "ఎందుకు రాదు? మొన్న వాదపోటీల గెల్చింది నీ బిడ్డనే గద."

"అందుకే రాదు. ఆడపిల్లకు సదువెందుకని గుడిల నిలబడి చెప్పె. తల్లి ఒక్కతె చేన్లల్ల కైకిలికి పోయి నడుం పట్టుకొని వస్తుంటే, నాకు పలక పట్టాల్నంటే సిగ్గయితది అన్నది. దాని తల్లి ధనమ్మ ఏడ్సింది. నేను గూడ ఏడ్సిన. దేవుని ఇంట్ల నిలబడి చెప్పింది సాక్ష్యం, మనసుల మాట. అది ఇన్నంక గూడ బడికి తోలితే మేం మనుషులమేనా?"

పంతులు తల దించుకున్నాడు. పిల్లలకు వాదించడం నేర్పుతానని సంబరపడి, బడికి వేరే గది లేక పోటీని ప్రార్థన గుడిలో పెట్టింది తనే. అక్కడ లేచి మాట్లాడితే ఈ పల్లె దాన్ని సాక్ష్యం కిందే జమకడుతుందని తట్టనే లేదు. చదువు కావాలనే చెప్తానని ప్రేమమ్మ బతిమాలింది. "ఇష్టమైంది ఎవరైనా చెప్తరు. ఇష్టం లేనిది చెప్పి ఒప్పించాలె," అని ఎదుటి పక్షంలోకి తోసిందీ తనే. మిషను దొరసాని చప్పట్లు కొడుతుంటే మీసం దువ్వుకున్నాడు కూడా. ఇప్పుడా మీసాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"అది సాక్ష్యం కాదు, యోసేపూ. ఆట లాంటిది. అట్ల మాట్లాడుమని నేనే చెప్పిన. తప్పు నాది. పిల్ల మనసుల ఉన్నది వేరు."

యోసేపు పంతులు మొహంలోకి చూశాడు. "మనసుల లేని మాట చెప్పి మమ్ముల ఏడిపిచ్చిందా?"

"అట్ల చెప్పుడే నేర్పిన." పంతులు సిగ్గుతో గోడ వైపు చూపించాడు. "కావాల్నంటే పిల్లనే అడుగు."

గోడకు పిడకలు కొడుతున్న ప్రేమమ్మ చేతులైనా కడుక్కోకుండా వచ్చింది.

"బాపూ, నాకు సదువుకోవాల్నని ఉన్నది. పొద్దుగాల్నే లేచి నీళ్లు తెస్త. బడి ఇడిసినంక అమ్మతోని కైకిలికి పోత. బైబిలు వాక్యం నేనే సదివి మీకు ఇనిపియ్యాల్నని ఉన్నది. బడి మాన్పియ్యకు బాపూ."

ఆ పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. యోసేపు కళ్లు తుడుచుకుని కూతురి తల నిమిరాడు. పంతులు మనసు కుదుటపడింది.

యోసేపు ఆయన వైపు తిరిగి మెల్లగా అడిగాడు.

"ఇది గూడ మీరు నేర్పిందేనా, పంతులుగారూ?"